భూకంపాలే రాని బెంగళూరులో సైస్మాలజిస్టుకు ఏం పని?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. మీది కదిరి. బెంగళూరులో బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ చివరి ఏడాదిలో ఉన్నారు. భూకంపాల మీద పనిచేయాలని ఉంది. మీ మామయ్యేమో "భూకంపాలే రాని ఊళ్లో భూకంపాల చదువేంటి, హాయిగా సాఫ్ట్‌వేర్‌లో చేరు" అంటున్నారు. ఆడపిల్ల కొండల్లో గుట్టల్లో తిరిగే ఉద్యోగం ఎందుకని అమ్మ భయపడుతున్నారు. మీరు అడిగినవి మూడు. ఏం చదవాలి? రోజూ చేసే పని ఏమిటి? భూకంపాన్ని ముందుగా చెప్పే రోజు మన కాలంలో వస్తుందా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఈ పని చేసుకుంటూ బతకొచ్చు, బెంగళూరులో ఉండే బతకొచ్చు. ఫిజిక్స్, మ్యాథ్స్ పునాది గట్టిగా ఉన్నవాళ్లే ఇందులో ఎక్కువ కాలం నిలబడతారు కాబట్టి మీరు తప్పుదారిలో ఏమీ లేరు. కానీ ఫలానా రోజు ఫలానా చోట భూకంపం వస్తుందని చెప్పాలన్న కోరికతో వస్తుంటే మాత్రం రావద్దు. మా పని అది కాదు. భూకంపం వస్తే ఏ నేల ఎంత ఊగుతుందో ముందే కొలిచి పెట్టడం, ఆ కొలత ఇల్లు కట్టేవాళ్ల చేతికి చేరేదాకా వెంటపడటం మా పని. కొలవడం కంటే వెంటపడటమే కష్టం.

నాది హిందూపురం. ఈ రంగంలోకి వచ్చి ఇరవై ఏడేళ్లయింది. మా ఊరి నుంచి రైలెక్కితే అరగంటలో గౌరీబిదనూరు. 1965 నుంచి అక్కడ భూకంప తరంగాలను పట్టే పరికరాల వరస ఒకటి ఉంది. బాబా అణు పరిశోధన కేంద్రం నడుపుతోంది. ఆంగ్ల అక్షరం 'ఎల్' ఆకారంలో ఇరవై సెన్సర్లు పొలాల మధ్య కిలోమీటర్ల పొడవున పరిచి ఉంటాయి. ప్రపంచంలో ఎక్కడ అణుపరీక్ష జరిగినా దాని అదురు ఇక్కడ తెలియాలన్నది దాని ఉద్దేశం. అక్కడే ఎందుకు పెట్టారంటే, దక్కన్‌లోని ఆ రాయి పాతది, గట్టిది, సద్దు లేనిది. చిన్నప్పుడు నాన్న రైలు కిటికీలోంచి చూపించి "ఎక్కడో రష్యాలో భూమి అదిరితే ఇక్కడ తెలుస్తుందంట" అన్నారు. వేరుశనగ చేల కింద అంత దూరపు మాట వినపడుతుందా అని ఆ రోజంతా ఆలోచించాను. నేను ఈ దారిన పడింది అక్కడే.

మీ మామయ్య మాట గురించి

"భూకంపాలు రాని ఊరు" అన్న మాట మీద కొంచెం ఆగాలి. 2002 నాటి భూకంప పటంలో బెంగళూరు రెండో జోన్, అంటే తక్కువ ప్రమాదం. చెన్నై మూడో జోన్. ఇది నిజమే. కానీ మహారాష్ట్రలోని కిల్లారిని 1993కి ముందు పటంలో ఎక్కడ పెట్టారో తెలుసా? అన్నిటికంటే అడుగున ఉన్న ఒకటో జోన్‌లో. ఆ ఏడాది సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం చేసి జనం పడుకున్న రాత్రి, 6.2 పరిమాణం గల భూకంపం వచ్చింది. దాదాపు పదివేలమంది పోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, దూలాల మీద అడుగుల మందాన పోసిన మట్టికప్పులు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. భూకంపం మరీ పెద్దదేమీ కాదు. చంపింది ఇళ్లు. ఆ తర్వాత 2002లో పటం మార్చారు, ఒకటో జోన్ అన్నదే తీసేశారు.

మహారాష్ట్రలోనే ఉన్న కొయనా కూడా అంతే. డ్యాం కట్టి నీళ్లు నింపాక ఐదేళ్లకు, 1967 డిసెంబర్‌లో, 6.3 పరిమాణంతో కంపించింది. అదే ఏడాది మార్చిలో మన ఒంగోలు, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం. నిన్నగాక మొన్న 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 వస్తే హైదరాబాద్‌లో మంచాలు కదిలాయి. 1900 ఫిబ్రవరిలో కోయంబత్తూరు దగ్గర దాదాపు 6 పరిమాణంతో ఒకటి వచ్చింది. దక్షిణాదిలో చాలా దూరం దాకా తెలిసింది. హిమాలయాల్లో భూమి పైపెంకు పలకల అంచు కాబట్టి ఒత్తిడి త్వరగా పోగవుతుంది. మన దగ్గర అదే ఒత్తిడి పాత పగుళ్లలో చాలా నెమ్మదిగా చేరుతుంది. ఒకచోట పెద్దది రావడానికి మళ్లీ వేల ఏళ్లు పట్టొచ్చు. మనిషి జ్ఞాపకమేమో తాతగారితో ఆగిపోతుంది. "మా ఊళ్లో ఎప్పుడూ రాలేదు" అన్న మాటకు ఉన్న బలం అంతే.

ఇంతకూ రోజూ ఏం చేస్తాం?

ఎక్కువ రోజులు కంప్యూటర్ ముందే గడుస్తాయి. సెన్సర్లు పెట్టిన స్టేషన్ల నుంచి వచ్చిన తరంగాల గీతలు చూడటం, ముందుగా చేరే పి తరంగం ఎక్కడ మొదలైందో, దాని వెనక వచ్చే ఎస్ తరంగం ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టడం, వాటితో చోటు, లోతు, పరిమాణం లెక్కకట్టడం. ఇప్పుడు ఇందులో చాలా భాగం యంత్రమే చేస్తుంది. అయినా గీతను కంటితో చదవడం రానివాళ్లకు యంత్రం ఎక్కడ తప్పుతోందో తెలియదు. నేను చేరిన కొత్తలో రెండేళ్లు నాచేత చేయించింది ఒకటే పని: క్వారీ పేలుళ్లను భూకంపాల నుంచి విడదీయడం. బెంగళూరు చుట్టూ రాతి క్వారీలు ఎన్నో మీకు తెలుసు. పేలుడులో రాయి అన్ని వైపులకూ బయటికి నెట్టుకుంటుంది. అందుకే ఏ స్టేషన్‌లో చూసినా మొదటి కదలిక పైకే ఉంటుంది. ఎస్ తరంగం నీరసంగా ఉంటుంది. భూకంపంలో రాయి పగులు వెంట జారుతుంది కాబట్టి కొన్ని స్టేషన్లలో మొదటి కదలిక పైకి, కొన్నింట్లో కిందికి. ఇంకో గుర్తు కూడా ఉంది. పేలుళ్లు పగటిపూట, పనివేళల్లో వస్తాయి. భూకంపానికి వేళాపాళా లేదు. ఒక పట్టికలో మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటి మధ్య 'భూకంపాలు' గుంపుగా కనిపిస్తే ఆ పట్టిక ఎవరో సరిగ్గా ఏరలేదని అర్థం.

2020 మే 20 మధ్యాహ్నం తూర్పు బెంగళూరంతా పెద్ద శబ్దంతో కిటికీలు అదిరాయి. లాక్‌డౌన్ రోజులు. మీరు అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. నాకు గంటలో నలభై ఫోన్లు వచ్చాయి. రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం తమ సెన్సర్లలో భూకంపం నమోదు కాలేదని చెప్పింది. తర్వాత అది వాయుసేన విమానం ధ్వనివేగం దాటిన పరీక్ష అని రక్షణశాఖ ప్రకటించింది. ఇలాంటి వాటిని తేల్చడానికి తంత్రం ఏమీ అక్కర్లేదు. గాల్లో శబ్దం సెకనుకు 340 మీటర్ల వేగంతో పోతుంది. గట్టి రాతిలో పి తరంగం సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పోతుంది. వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి అదురు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే అది గాల్లోంచి వచ్చిందా, నేలలోంచి వచ్చిందా తెలిసిపోతుంది. "భూకంపం కాదు, భయపడొద్దు" అని నమ్మకంగా చెప్పగలగడం కూడా మా ఉద్యోగంలో భాగమే. ఆ మాట ఊరికే అనకూడదు, గీత చూశాకే అనాలి.

ఇక బయట పని. స్టేషన్ పెట్టడం అంటే ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో ఇది దొరకదు. ముందు రాయి తగిలేదాకా గొయ్యి తవ్వాలి. అడుగున, గోడలకు ఎక్కడా తగలకుండా, రాయికి అతుక్కున్న సిమెంటు దిమ్మె పోయాలి. గోడకు తగిలితే గాలికి గోడ ఊగినా సెన్సర్ అదే రాసిపెడుతుంది. దిమ్మె ఆరాక సెన్సర్‌ను దించి, బుడగ నడిమికి వచ్చేదాకా మూడు కాళ్ల మరలు తిప్పుతూ మట్టం చేయాలి. ఉత్తరం దిక్కుకు తిప్పాలి. ఇక్కడ కొత్తవాళ్లందరూ దెబ్బతింటారు. అనంతపురం, తుమకూరు వైపు నల్లరాతి డైకులు, అంటే పాత పగుళ్లలో గోడల్లా గట్టిపడిన రాళ్లు, నేలలో బారులు తీరి ఉంటాయి, వాటి పక్కన దిక్సూచి పక్కకు లాగేస్తుంది. అందుకే నీడ చూసో జీపీఎస్ పెట్టో సరిచూసుకోవాలి. తర్వాత సెన్సర్ చుట్టూ థర్మోకోల్ పెట్టె బోర్లించి ఇసుక పోస్తాం, వేడి చలి తగలకుండా. మూత మూసి ఒక రాత్రి వదిలేస్తే అది కుదురుకుంటుంది. మర్నాడు తెరపై గీత నిలకడగా, సన్నగా పోతుంటే, ఆ సన్నగీతలోనే బంగాళాఖాతపు అలల అదురు ఐదారు సెకన్లకొకసారి ఊపిరిలా కనిపిస్తే, స్టేషన్ బాగా కూర్చున్నట్టు. సముద్రానికి అంత దూరాన, రాయలసీమ గుట్ట మీద కూర్చుని సముద్రాన్ని చూడటం నాకు ఇన్నేళ్లయినా పాతబడలేదు.

అమ్మ భయం గురించి దాచకుండా చెబుతాను. బ్యాటరీలు ఒక్కొక్కటి పాతిక కిలోలు ఉంటాయి, మోయాలి. మరుగుదొడ్డి ఉండదు. చీకటి పడ్డాక జీపు చెడిపోతుంది. నేను మొదలుపెట్టినప్పుడు బృందంలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ ఇల్లో, స్కూలు పంతులమ్మ ఇల్లో చూసుకుని ఉండేదాన్ని. ఆ పద్ధతి ఇప్పటికీ నా విద్యార్థినులకు చెబుతాను. ఇంకా ఆ ఇంటివాళ్లకు మనం ఏం చేస్తున్నామో అర్థమయ్యేలా చెబితే స్టేషన్‌ను వాళ్లే కనిపెట్టుకుని ఉంటారు, సోలార్ పలక ఎవరూ ఎత్తుకుపోరు. ఇప్పుడు బృందాల్లో సగం దాకా అమ్మాయిలున్నారు. ఫీల్డ్ పని ఏడాదిలో నెలా రెండు నెలలకు మించదు. అమ్మకు ఇంకో మాట చెప్పండి. భూమి నడిమధ్యలో గట్టి గోళం ఉందని 1936లో కనుక్కున్నది ఇంగే లేమాన్ అనే డెన్మార్క్ మహిళ. మన బెంగళూరులోనే, ఐఐఎస్సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ), కుసలా రాజేంద్రన్ గారు పాత భూకంపాల మీద, సునామీల మీద దశాబ్దాలు పనిచేశారు.

ముందుగా చెప్పడం ఎందుకు కుదరదు?

ఈ ప్రశ్న నన్ను పెళ్లిళ్లలో కూడా అడుగుతారు. చైనాలో 1975 ఫిబ్రవరిలో హైచెంగ్ అనే చోట ముందు వరసగా చిన్న అదురులు వచ్చాయి, ఊరు ఖాళీ చేయించారు, పెద్దది వచ్చింది, చాలా ప్రాణాలు నిలిచాయి. ఇక దారి దొరికిందనుకున్నారు. మరుసటి ఏడాది జులైలో తాంగ్‌షాన్‌లో ఏ సూచనా పట్టుకోలేకపోయారు. రెండు లక్షలమందికి పైగా పోయారు. అమెరికాలో పార్క్‌ఫీల్డ్ అనే చోట దాదాపు ఇరవై రెండేళ్లకొకసారి వస్తుందని లెక్కకట్టి 1993లోపు రావాలన్నారు. నేలంతా పరికరాలు పాతిపెట్టి కాచుకున్నారు. అది 2004 సెప్టెంబర్‌లో వచ్చింది. అన్ని పరికరాలున్నా ముందు రోజు ఏ తేడా కనిపించలేదు.

కారణం ఒక్క మాటలో చెప్పాలంటే, చిన్న భూకంపం, పెద్ద భూకంపం ఒకేలా మొదలవుతాయి. కిలోమీటర్ల లోతున ఒక చిన్న అతుకు జారుతుంది. ఆ జారుడు పక్క అతుకు దగ్గర ఆగిపోతుందా, వందల కిలోమీటర్లు చీల్చుకుంటూ పోతుందా అన్నది ఆ పక్క రాయి ఎంత బిగిసి ఉందన్న దాని మీద ఉంటుంది. ఆ బిగువును పైనుంచి కొలిచే సాధనం మన దగ్గర లేదు. మొదలైన జారుడుకే తెలియదు తాను ఎంత దూరం పోతుందో.

దీన్ని 'ముందస్తు హెచ్చరిక'తో కలపొద్దు. అది వేరే సంగతి. భూకంపం మొదలయ్యాక, వేగంగా వచ్చే పి తరంగాన్ని దగ్గరి సెన్సర్లు పట్టి, నెమ్మదిగా వచ్చే నష్టపు తరంగాల కంటే ముందే దూరపు ఊళ్లకు కబురు పంపుతాయి. పదో ఇరవయ్యో సెకన్లు దొరుకుతాయి. రైలు ఆపడానికి, గ్యాసు కట్టేయడానికి చాలు. సునామీకైతే ఇంకా ఎక్కువ సమయం ఉంటుంది. అందుకే 2004 నన్ను ఇప్పటికీ వదలదు. ఆ డిసెంబర్ 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర 9.1 పరిమాణంతో నేల చీలింది. చెన్నై మెరీనాకు అలలు వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఆ రెండు గంటలూ మన గీతల్లో అంతా ఉంది. కబురు చేర్చే ఏర్పాటు లేదు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేలమందికి పైగా పోయారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో మొదలైంది. సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరాలను, వాటికి జతగా నీటిపై తేలే బోయాలను చెన్నై పల్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చూసుకుంటుంది. మీకు సముద్రం ఇష్టమైతే అక్కడా దారి ఉంది.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం నేను చెన్నై తరమణిలో ఒక సమావేశంలో ఉన్నాను. నీళ్ల గ్లాసులో నీళ్లు పక్కలకు ఊగాయి. నెమ్మదిగా, పొడుగ్గా, పడవలో ఉన్నట్టు. అలా ఊగితే అర్థం దూరాన పెద్దది వచ్చిందని. కిందికి వస్తే పాత మహాబలిపురం రోడ్డంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. పరిమాణం 8.6. అందరి కళ్లల్లో 2004. హెచ్చరిక జారీ అయింది. కానీ తరంగాల తీరు చూస్తే ఆ పగులు నేలను పైకి లేపలేదు, పక్కకు జరిపింది. నీళ్లను పైకి నెట్టకపోతే పెద్ద అల పుట్టదు. చిన్న అలలే వచ్చాయి, సాయంత్రానికి హెచ్చరిక ఎత్తేశారు. ఆ మధ్యలోని గంటల్లో మా చెల్లెలు ఫోన్ చేసి "బీచ్ దగ్గర ఇల్లు ఖాళీ చేయాలా వద్దా, ఒక్క మాట చెప్పు" అంది. ఖాళీ చేయమన్నాను. గీత ఏం చెప్పినా అధికారిక హెచ్చరిక ఉన్నంతసేపూ నా జవాబు అదే. ఇటలీలోని లాక్విలాలో 2009లో భూకంపానికి ముందు జనానికి ధైర్యం చెప్పారన్న ఆరోపణ మీద శాస్త్రవేత్తల్ని 2012లో దోషులుగా తేల్చారు. రెండేళ్ల తర్వాత అప్పీలులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. కోర్టు సంగతి అటుంచితే, మనకు తెలియనిదాన్ని 'ఏం కాదు' అని చెప్పకూడదు అన్నది ఈ వృత్తిలో అక్షరాభ్యాసం లాంటిది.

తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. మన పేపర్లు పరిమాణాన్నీ 'తీవ్రత' అనే రాస్తాయి, ఊపునూ 'తీవ్రత' అనే రాస్తాయి. పొయ్యి మంట వేరు, దూరంగా కూర్చున్నవాడికి తగిలే సెగ వేరు. పరిమాణం మంట లాంటిది, ఒక భూకంపానికి ఒకటే అంకె. ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు. తీవ్రత సెగ లాంటిది, ఊరూరికీ మారుతుంది. ఇది కలిపేస్తే జనం "ములుగులో 5.3 అయితే హైదరాబాద్‌లో ఎంత?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అర్థమే లేదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అసలు పని ఎక్కడుందంటే

పీహెచ్‌డీ రెండో ఏడు 2001 జనవరిలో భుజ్ భూకంపం వచ్చింది. 7.7. ఐదో రోజుకు మా బృందం కచ్‌లో ఉంది. తర్వాతి అదురులు రాయడానికి పరికరాలు పెట్టాం. రాత్రి గుడారంలో పడుకుంటే ముందు నేల లోపలినుంచి లారీ వచ్చినట్టు 'డుమ్' అని వినిపించేది, అది పి తరంగం. ఆ వెంటనే లెక్కపెట్టేవాళ్లం. ఒకటి, రెండు, మూడు. అప్పుడు మంచం అడ్డంగా కుదిపేది, అది ఎస్. ఆ మధ్య సెకన్లను ఎనిమిదితో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. మూడు సెకన్లంటే 24 కిలోమీటర్లు, సరిగ్గా మా కిందే, ఆ లోతున. ఒక ముసలాయన, ఇల్లు పోయినాయన, మా పక్కనే కూర్చుని మాతో కలిసి గుజరాతీలో లెక్కపెట్టేవాడు. లెక్క తెలిశాక ఆయనకు భయం కాస్త తగ్గిందనిపించింది.

తిరుగు ప్రయాణంలో అహ్మదాబాద్‌లో ఆగాం. భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. చాలావాటికి కింద కార్లకని గోడలు లేకుండా స్తంభాల మీదే నిలిపిన పార్కింగ్. పై అంతస్తులు గోడలతో బిగిసి ఉంటాయి, కింద ఒట్టి కాళ్లు. ఊపంతా ఆ కాళ్ల మీదికి వస్తుంది. ఇప్పుడు మీ హాస్టల్ వీధిలో ఒకసారి నడిచి చూడండి. 30/40 అడుగుల సైటులో కింద స్టిల్ట్ పార్కింగ్, పైన మూడు నాలుగు అంతస్తులు. బెంగళూరు మొత్తం అదే నమూనా.

దానికి ఈ ఊరి నేల తోడవుతుంది. బెంగళూరు గట్టి రాతి మీదుందని అందరూ అంటారు. సగమే నిజం. ఇది చెరువుల ఊరు. మెజెస్టిక్ బస్టాండ్ ధర్మాంబుధి చెరువులో ఉంది, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో ఉంది. చెరువు పూడ్చిన చోట మెత్తటి మట్టి ఉంటుంది, అది తరంగాన్ని పెంచి ఊపుతుంది. లెక్క చాలా సులువు. పదిహేను మీటర్ల మెత్తటి మట్టి, అందులో ఎస్ తరంగ వేగం సెకనుకు 200 మీటర్లు అనుకోండి. ఆ పొర ఒక్క ఊపుకు తీసుకునే సమయం లోతును నాలుగుతో గుణించి వేగంతో భాగిస్తే వస్తుంది, అంటే 0.3 సెకను. మామూలు భవనం ఊగే సమయం రమారమి అంతస్తుకు 0.1 సెకను. అంటే ఆ మట్టి మూడంతస్తుల ఇంటితో తాళం కలుపుతుంది. ఉయ్యాలను సరైన వేళకు తోసినట్టు ప్రతి ఊపూ ఇంకాస్త పెరుగుతుంది. ఐఐఎస్సీ వాళ్లు బెంగళూరుకు మైక్రోజోనేషన్ చేసింది ఇందుకే. ఏ వార్డులో ఏ నేల ఎలా ఊగుతుందో చూడటానికి.

ఆ కొలత ఎలా తీస్తామంటే, రాత్రి రెండింటికి, ట్రాఫిక్ సద్దుమణిగాక, నేల అదురును పట్టే చిన్న సెన్సర్లు, జియోఫోన్లు, ఇరవై నాలుగు మీటరు ఎడంతో వరసగా నేలలో గుచ్చి, ఒక చివర ఇనుప పలక పెట్టి పెద్ద సుత్తితో కొడతాం. నేల పైపైన పాకే తరంగాల వేగం బట్టి లోపలి పొరల గట్టిదనం లెక్క తేలుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సైటులో ఇలాగే చేశాం. ఒక బ్లాకు కింద మూడు మీటర్లకే రాయి తగిలింది. ఇంకో బ్లాకు కింద పాత చెరువు మట్టి పధ్నాలుగు మీటర్లు. రెండింటికీ ఒకే పునాది కుదరదని రాసిచ్చాను. ఆ బిల్డర్ గట్టినేల పేజీ మాత్రమే జతచేసి అనుమతి తెచ్చుకున్నాడు. నాకు తెలిసేసరికి నాలుగో అంతస్తు స్లాబు పడింది. ఉత్తరాలు రాశాను, ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి స్తంభాల మధ్య అదనపు గోడలు కట్టడానికి ఒప్పుకున్నారు. కావలసినదాంట్లో అది సగమే. అప్పటినుంచి రిపోర్టు మొదటి పేజీలోనే, ఎవరికైనా అర్థమయ్యే భాషలో, అన్నిటికంటే చెడ్డ నేల గురించే రాస్తున్నాను. ప్రతి పేజీ మీదా మొత్తం పేజీల సంఖ్య వేస్తున్నాను.

చదువు, డబ్బు

ఎమ్మెస్సీ జియోఫిజిక్స్‌కు ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష రాస్తే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ లాంటివి. ఫిజిక్స్‌లోనే ఎమ్మెస్సీ చేసి తర్వాత ఇటు వచ్చినా నష్టం లేదు, నేనైతే అదే మంచిదంటాను. తర్వాత గేట్‌లో జియోఫిజిక్స్ లేదా సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణ శాస్త్రాల పేపరు. పరిశోధనకు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, బెంగళూరులో ఐఐఎస్సీ, సీఎస్ఐఆర్ ఫోర్త్ పారడైమ్ ఇన్‌స్టిట్యూట్. కట్టడాల వైపు ఆసక్తి ఉంటే చెన్నై తరమణిలోని కట్టడాల ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఎస్ఈఆర్‌సీ, అక్కడ భవనం నమూనాను నిజంగానే ఊపి చూసే బల్ల ఉంది. ఢిల్లీలో జాతీయ భూకంప కేంద్రం. ఉద్యోగమే ముందు కావాలంటే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు కూడా జియోఫిజిసిస్టు పోస్టుకు రాయొచ్చు.

డబ్బు సంగతి. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధకులకిచ్చే భత్యం, 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె భత్యం వేరే. ప్రభుత్వ శాస్త్రవేత్తగా మొదటి మెట్టులో చేరితే మూలవేతనం 56,100. మీ క్లాసువాళ్లు సాఫ్ట్‌వేర్‌లో అది దాటేసి చాలాకాలం అయి ఉంటుంది. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి మీకు ముప్ఫై దాటొచ్చు. ఇంట్లో ఈ లెక్క ముందే చెప్పండి, తర్వాత తెలిసి బాధపడే కంటే నయం. ఇంటి బాధ్యత మీ మీదే ఉంటే, అణువిద్యుత్ కేంద్రాలకు, డ్యాములకు, మెట్రోలకు స్థల పరిశీలన చేసే కన్సల్టెన్సీలు, బీమా కంపెనీలకు విపత్తు నష్టాన్ని లెక్కకట్టే సంస్థలు ఉన్నాయి. అక్కడ ఎమ్మెస్సీతోనే చేరొచ్చు, జీతం కూడా మెరుగు. అది తక్కువ పనేం కాదు.

ఏ దారిన వెళ్లినా ప్రోగ్రామింగ్ రావాలి. పైథాన్‌లో ఆబ్స్‌పై అనే ఉచిత ప్యాకేజీ ఉంది. ప్రపంచంలోని వేల స్టేషన్ల రికార్డులు ఎవరైనా దించుకోవచ్చు. ఈ సెలవుల్లో ఒక పని చేయండి. 2023 ఫిబ్రవరి 6 నాటి తుర్కియే భూకంపం తర్వాత వచ్చిన ఏదైనా ఒక చిన్న అదురు తీసుకుని, దానికి మూడొందల కిలోమీటర్లలోపు ఉన్న మూడు స్టేషన్ల గీతలు దించండి. పి, ఎస్ మీ కంటితోనే గుర్తుపెట్టండి. మధ్య సెకన్లను ఎనిమిదితో గుణించి, పటం మీద మూడు వృత్తాలు గీయండి. అవి ఒక్క బిందువు దగ్గర కలవవు, చిన్న త్రికోణం మిగులుతుంది. ఆ త్రికోణం ఎందుకు మిగిలిందో మీకు తోచిన కారణాలన్నీ రాసి గీతలతో సహా ఇక్కడే పెట్టండి. నేను చూసి జవాబు రాస్తాను.